కోడికి అంటు కట్టలేం

మొక్కల నర్సరీలకి పేరున్న మా కడియంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఒక సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. మామిడి టెంక పాతితే మొక్క వస్తుంది గానీ, అది తల్లిచెట్టు కాయే కాస్తుందన్న నమ్మకం లేదు. అదే కాయ కావాలంటే అంటు కట్టుకోవాలి. ఇంత బాగా తెలిసినవాళ్ళం కూడా కోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోతాం. మంచి డేగరంగు పుంజుని తెచ్చి పెట్టల్లో వదిలి, పిల్లలన్నీ డేగలే దిగాలని ఎదురుచూస్తాం. దిగకపోతే పెట్టదే తప్పంటాం, దాణాదే తప్పంటాం. కోడిపిల్ల ప్రతిదీ టెంక మొలకే. కోడికి అంటు కట్టే విద్య మనకి లేదు.

నాలుగేళ్ళ కిందట నేను ఆర్పింగ్టన్ జాతి పెట్టలు రెండు, ఒక పుంజు తెచ్చుకున్నాను. ఇంగ్లండులో అప్పట్లో కెంట్ ప్రాంతంలో ఆర్పింగ్టన్ అని ఒక ఊరుండేది. అక్కడ 1886లో విలియం కుక్ అనే ఆయన మినార్కా, లాంగ్‌షాన్, ప్లిమత్ రాక్ జాతుల్ని కలిపి ఈ కోడిని తయారుచేశారు. ఆయన మొదట చేసింది నల్లకోడి. మిగతా రంగులు తర్వాత వచ్చాయి. మా పెట్టలు ‘గోల్డ్ లేస్డ్’ రకం. మా వీధిలో వాటిని జరీకోళ్ళంటారు. ఆ పెట్ట రొమ్ము మీద రాలిన ఈక ఒకటి తీసి వెలుగుకి పట్టి చూస్తే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. మొదట్లో బూడిదరంగు నూగు, దాని మీద తేనెరంగు రేకు, చివర చుట్టూ నల్లటి అంచు. ఎండలో ఆ నలుపు మీద పచ్చటి మెరుపు కదులుతుంది. అంచు మందమైతే కోడి నల్లగా కనిపిస్తుంది, పలచనైతే అక్కడక్కడా తెగిపోతుంది. తెగకుండా, సమానమైన మందంలో ఈక చుట్టూ తిరగడమే ఆ జాతికి అందం.

ఈకని ఇంత పరీక్షగా చూడడం మనకి కొత్త కాదు. కాకి, సేతు, డేగ, నెమలి, పర్ల, సవల, కౌజు, మైల, పింగళ, పూల అంటూ గోదావరి జిల్లాల్లో కోడి రంగులకి ఎన్ని పేర్లో. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల, ఒక్కో ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు కలిసి ఉంటే పూల. రంగుని ఇంత వివరంగా విడదీసి చూసిన మనం, అది తల్లిదండ్రుల నుంచి పిల్లకి ఎలా దిగుతుందన్న దగ్గర మాత్రం కొన్ని అపోహల్ని పట్టుకుని వేలాడుతున్నాం.

అపోహ: రంగంతా పుంజు నుంచే వస్తుంది. పెట్ట ఏదైనా ఫర్వాలేదు.

రంగుని నిర్ణయించే జన్యువుల్లో చాలావాటిని తల్లి సగం, తండ్రి సగం ఇస్తాయి. పెట్టని పట్టించుకోకపోతే సగం పని చెయ్యనట్టే. అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఈక బంగారు రంగా, వెండి రంగా అన్నది తేల్చే జన్యువు జెడ్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. పుంజుకి జెడ్‌లు రెండు, పెట్టకి ఒకటే. పెట్ట తన దగ్గరున్న ఆ ఒక్క జెడ్‌ని కొడుకులకే ఇవ్వగలదు. కూతుళ్ళకి జెడ్ వచ్చేది తండ్రి నుంచే. అంటే బంగారమా వెండా అన్న ఒక్క విషయంలో పెట్టపిల్లలు నూటికి నూరుపాళ్ళు తండ్రిబిడ్డలే. చూసినవాళ్ళు ఆ ఒక్కదాన్నీ పట్టుకుని అన్ని రంగులకీ అదే రూలనుకున్నారు.

ఈ కిటుకు తెలిస్తే లాభమూ ఉంది. బంగారు రంగు పుంజుకి వెండి రంగు పెట్టని జతచేస్తే, పిల్లలు దిగిన రోజునే నూగు రంగు చూసి చెప్పెయ్యొచ్చు: వెండిరంగువి పుంజులు, బంగారురంగువి పెట్టలు. హేచరీల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో వాడుకలో ఉంది.

అపోహ: ఒక్కసారి వేరే జాతి కలిసిందంటే అంచు పోయినట్టే.

ఇది నా పెరట్లోనే జరిగింది. తెచ్చిన ఏడాదే ఆర్పింగ్టన్ పుంజు తెగులొచ్చి చచ్చిపోయింది. వేరే దారి లేక ఊళ్ళో డేగపుంజుతో జతకట్టించాను. దిగిన పిల్లలు పెద్దవయ్యాక ఒక్కదానికీ సరైన అంచు లేదు. ఈకల మీద నల్లటి మరకలు, అడ్డంగా చెదిరిన గీతలు. ‘‘జాతి చెడిపోయింది బావగారూ, అమ్మేసుకోండి’’ అన్నాడు మా బావమరిది. నేను అమ్మలేదు. వాటిలో ఒక పుంజుని తిరిగి పాత ఆర్పింగ్టన్ పెట్టకే జతచేశాను. మరుసటి పొదుగులో మూడు పెట్టపిల్లలకి అంచు మళ్ళీ వచ్చింది. ఒకదానికైతే తల్లికి ఉన్నంత శుభ్రంగా వచ్చింది.

అంచు ఎక్కడికీ పోలేదు. దానికి ఒక్క జన్యువు చాలదు. నలుపుని ఈకలో గీతగా సర్దేది ఒకటి, ఆ నలుపుని చిక్కబరిచేది ఒకటి, ఒంటి మీద నలుపుని వెనక్కి నెట్టి బంగారానికి చోటిచ్చేది మరొకటి. ఈ మూడూ తగిన పునాది రంగు మీద కలిస్తేనే ఒంటిపేట అంచు తీరుతుంది. మూడోది లేకపోతే ఒకే ఈకలో రెండు అంచులు పడతాయి. మొదటి రెండూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉండడం మన అదృష్టం. అందుకే చాలాసార్లు జంటగానే దిగుతాయి. తొలి తరంలో ఇవన్నీ సగం సగం పడి చెదిరినట్టు కనిపిస్తాయి, తర్వాతి తరంలో మళ్ళీ జతకూడతాయి. బఠాణీ మొక్కల్లో మెండెల్ చూసిన సూత్రం కోళ్ళలోనూ పనిచేస్తుందని విలియం బేట్సన్ 1902లోనే చూపించారు.

అపోహ: నీలిబూడిద రంగు పుంజునీ పెట్టనీ కలిపితే పిల్లలన్నీ అదే రంగు.

సగమే అదే రంగు. పావువంతు నల్లవి, పావువంతు తెలుపు మీద చుక్కలు చల్లినట్టుండేవి. అన్నీ నీలిబూడిదవే కావాలంటే నల్లదాన్నీ చుక్కలదాన్నీ కలపాలి.

అపోహ: బంతిపూలు పెడితే ఈక బంగారు రంగు తిరుగుతుంది.

కడియపులంక పూలమార్కెట్లో మిగిలిన బంతిపూలు కోళ్ళకి వేసేవాళ్ళని చూశాను. వెయ్యడం మంచిదే, ఫలితం మాత్రం ఈకల్లో కాదు. కోడి ఈకలో నలుపూ ఎరుపూ బంగారమూ అన్నీ మెలనిన్ అనే పదార్థం రకాలే. దాన్ని కోడి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. బంతిపూల పసుపు గుడ్డుసొనకి పడుతుంది. పసుపు చర్మం ఉన్న జాతైతే కాళ్ళకీ పడుతుంది. ఆ పసుపు చర్మపు జన్యువు మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి పెంపుడు కోళ్ళలోకి వచ్చిందని 2008లో తేల్చారు.

దాణాకి ఈకతో అసలు సంబంధం లేదని కాదు. మాంసకృత్తులు, రాగి, ఇనుము బాగా తగ్గితే ఈక పాలిపోతుంది, పెళుసుబారుతుంది. మంచి తిండి ఉన్న రంగుని నిలబెడుతుంది, లేని అంచుని మాత్రం తేలేదు.

అపోహ: పెట్ట పుంజులా ఈకలు వేసి కూస్తే ఇంటికి అరిష్టం.

ఆ పెట్టని వెంటనే కోసెయ్యడం మా వైపు మామూలే. నాకిది చాలా బాధగా ఉంటుంది. పెట్టకి పనిచేసే అండాశయం ఎడమవైపున ఒక్కటే. ముసలితనం వల్లో జబ్బువల్లో అది పనిచెయ్యడం మానేస్తే ఆడ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు వేసే కొత్త ఈకలు పుంజు ఈకల్లా సన్నగా మొనదేలి వస్తాయి, గొంతూ మారొచ్చు. అది జబ్బుపడ్డ జీవి, అంతే.

అంచు కోసం పెంచేవాళ్ళకి ఇందులో ఇంకో సంగతి ఉంది. గుండ్రటి ఈక మీదే అంచు పూర్తిగా చుట్టుకుంటుంది. పుంజు మెడమీదా నడుముమీదా ఈకలు మొనదేలి ఉంటాయి కాబట్టి అక్కడ అంచు వెతక్కూడదు, రొమ్ము చూడాలి. సర్ జాన్ సెబ్రైట్ పేరుతో ఉన్న చిన్నకోళ్ళలో మాత్రం పుంజుకీ పెట్ట ఈకలే ఉంటాయి. అందుకే వాటికి ఒళ్ళంతా అంచే.

అపోహ: ఒకసారి నాటుపుంజు తొక్కిన పెట్ట ఇక జన్మలో శుద్ధమైన పిల్లల్ని ఇవ్వదు.

పెట్ట పుంజు బీజాన్ని లోపల దాచుకుంటుంది. అది సాధారణంగా రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు పనిచేస్తుంది. పెట్టని విడిగా ఉంచి నాలుగు వారాలు ఆగితే పాత పుంజు ఛాయ కూడా మిగలదు. ఆ మధ్యలో పెట్టిన గుడ్లు కూరకి వాడుకోండి, పొదగెయ్యకండి.

అపోహ: వనరాజా గుడ్లు ఇంట్లో పొదగేసుకుంటే మళ్ళీ వనరాజాలే.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రెండు వేర్వేరు వరసల్ని కలిపిన సంకరం. దాని పిల్లల్లో రంగూ బరువూ గుడ్లూ అన్నీ చెదురుతాయి. ఇదీ టెంక మొలకే.

అపోహ: ఫలానా వారం ఫలానా రంగు కోడి పందెంలో గెలుస్తుంది.

ఈకలోని మెలనిన్‌కి వారం తెలియదు. 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం పందెమే నేరం. ఆ మాట అటుంచినా, ఏడాదిపాటు పొద్దున్నే లేచి బాదంపప్పు తినిపించి, ఒళ్ళు నిమిరి పెంచిన పక్షిని కాలికి కత్తి కట్టి నిమిషాల్లో పోగొట్టుకోవడం నా మనసుకి ఎప్పుడూ ఒప్పలేదు. ఆ రంగులు తెలిసిన పెద్దలు వాటిని బతికించే పనికి ఆ తెలివి వాడితే, మన పర్లా పూలా కూడా ఆర్పింగ్టన్‌లాగా పేరున్న వరసలుగా నిలబడతాయి.

అపోహ: నూగు చూసి రంగు చెప్పెయ్యొచ్చు.

బంగారమా వెండా అన్నది నూగులో తెలియొచ్చు గానీ, అంచు విషయంలో మాత్రం తొందరపడకూడదు. పిల్ల పెద్దదయ్యేలోగా ఈకలు ఒకటికి రెండుసార్లు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. మొదటి ఈకల్లో అంచు మసకగా, మరకలుగా ఉంటుంది. అది చూసి అమ్మేసినవాళ్ళు తర్వాత బాధపడతారు. అయిదారు నెలలు నిండి పెద్ద ఈకలు వచ్చాకే ఏరాలి. అప్పుడైనా ముందు చూడాల్సింది కాళ్ళ బలం, కళ్ళ చురుకు, గుడ్డు పొదిగే పాళ్ళు. అంచు కోసం అన్నాచెల్లెళ్ళనే తరతరాలా కలుపుకుంటూ పోతే గుడ్లు మురిగిపోతాయి, పిల్లలు నీరసపడతాయి.

ఇప్పుడు మా పెరట్లో గంప కింద ఎనిమిది పిల్లలున్నాయి, రెండున్నర నెలలవి. అంచు బాగా వచ్చిన ఆ పెట్ట సంతానమే. నిన్న ఒకదాన్ని చేతిలోకి తీసుకుని రొమ్ము దగ్గర ఊది చూశాను. పాత ఈకల మధ్య నుంచి గొట్టం విడని కొత్త ఈక ఒకటి తొంగిచూస్తోంది. దాని కొస నల్లగా ఉంది.