రైలు దిగాక బస్సు: ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవడం

పర్చూరుకు రైలు లేదు. పత్తి, మిరప, శనగ పండే ఈ నల్లరేగడి మైదానంలో రైలెక్కాలంటే ఎక్కువమంది ముందుగా బస్సెక్కి కారంచేడు మీదుగా చీరాల చేరాలి. రోడ్డు మీద సుమారు పాతిక కిలోమీటర్లు. చీరాల నుంచి ఒక వైపు బాపట్ల, తెనాలి, విజయవాడ. రెండో వైపు ఒంగోలు, నెల్లూరు. తిరుగు ప్రయాణంలో ఇదే వరుస తిరగబడుతుంది. రైలు దిగి, బస్టాండుకు నడిచి, పర్చూరు మీదుగా చిలకలూరిపేట వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పర్చూరు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా కేంద్రం మారింది గాని, బండి మారవలసిన అవసరం మారలేదు.

దూరవిద్యలో చదివే మీకు ఈ విషయం మామూలు కళాశాల విద్యార్థికన్నా ఎక్కువ ముఖ్యం. రోజూ అదే రైలులో వెళ్లేవారికి అది ఎక్కడ ఆగుతుందో, ఏ బస్సు డ్రైవరు రెండు నిమిషాలు ఆగుతాడో అలవాటుగా తెలిసిపోతుంది. మీరు ఏడాదిలో కొన్ని రోజులే అధ్యయన కేంద్రానికి వెళతారు: సంపర్క తరగతులకు, పరీక్షలకు. ఆ కొద్ది రోజుల్లో ఒక్కటి తప్పినా నష్టం పెద్దది. ఒక పేపరు పోతే తరువాతి పరీక్షల దాకా ఆగాలి. ఇంట్లో పొలం పనో, కూలి పనో, చంటిబిడ్డో ఉన్నవారికి ఆ రోజును మళ్లీ సమకూర్చుకోవడం తేలిక కాదు. నేను సంఖ్యాశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి ఈ సమస్యను లెక్కగానే వివరిస్తాను. లెక్కలంటే భయపడవలసిన పని లేదు. కూడికలు, గుణకారాలు చాలు.

పాసింజరు ఎందుకు ఆగుతుంది?

చీరాల స్టేషను విజయవాడ–గూడూరు మార్గంలో ఉంది. హౌరా నుంచి చెన్నై వెళ్లే రైళ్లు, ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే రైళ్లు విజయవాడలో కలిసి అక్కడి నుంచి ఇదే దారిన పోతాయి. వాటితో పాటు గూడ్సు బళ్లు. ఇంత రద్దీలో ఎవరిని ముందు పంపాలన్నది కంట్రోలు గదిలో ఉన్న అధికారి నిర్ణయిస్తాడు. వెనుక నుంచి సూపర్‌ఫాస్టు వస్తుంటే పాసింజరును దగ్గరి స్టేషనులో లూప్ లైనులోకి మళ్లించి నిలబెడతారు. ముందు బండి వెళ్లి, సిగ్నలు ఖాళీ అయ్యాకే పాసింజరు కదులుతుంది. ఒకసారి ఇలా ఆగిన బండి తన వంతు సమయాన్ని కోల్పోతుంది. ఆ తరువాత వచ్చే మరో ఎక్స్‌ప్రెస్‌కు కూడా అదే దారి ఇవ్వవలసి వస్తుంది. అందుకే పది నిమిషాల ఆలస్యం రెండు మూడు స్టేషన్లు దాటేసరికి నలభై నిమిషాలు కావచ్చు. ఈ రద్దీ తగ్గించడానికే సుమారు 288 కిలోమీటర్ల విజయవాడ–గూడూరు మూడో లైనును 2015–16లో మంజూరు చేశారు. అది భాగాలు భాగాలుగా వాడుకలోకి వచ్చింది. లైను పెరిగినా ఎవరికి ముందు దారి అన్న క్రమం మారలేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. టైంటేబులులో చివరి స్టేషనుకు ముందు కొంత అదనపు సమయం కలిపి ఉంచుతారు. దారిలో పోయిన నిమిషాలను బండి అక్కడ పూడ్చుకుంటుంది. అందువల్ల మధ్యలో చీరాలకు అరగంట ఆలస్యంగా వచ్చిన రైలు చివరి స్టేషనుకు దాదాపు సమయానికే చేరవచ్చు. ఆ రైలు సమయపాలన బాగుందని చూపే లెక్కలో మీ అరగంట కనిపించదు. మధ్య స్టేషనులో దిగేవారి అనుభవానికీ, ప్రకటించే సమయపాలనకూ తేడా రావడానికి ఇదొక కారణం.

అసలు నష్టం బండి మారే చోట

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని సమయాలు ఊహించినవి. మీ రైలు చీరాలకు రావలసిన సమయం సాయంత్రం 5.35. దిగి బస్టాండు చేరడానికి 8 నిమిషాలు. పర్చూరు బస్సు 5.50కి, దాని తరువాతిది 6.40కి.

రైలు 5 నిమిషాలు ఆలస్యమైతే మీరు 5.48కి బస్టాండులో ఉంటారు. బస్సు దొరుకుతుంది. ఇంటికి ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా చేరరు. రైలు 10 నిమిషాలు ఆలస్యమైతే 5.53కి చేరతారు. బస్సు వెళ్లిపోయింది. 47 నిమిషాలు నిలబడాలి, ఇంటికి 50 నిమిషాలు ఆలస్యం. అంటే రైలు చేసిన మరో 5 నిమిషాల ఆలస్యం మీ దగ్గరికి వచ్చేసరికి 50 నిమిషాలైంది. అదే రైలు 55 నిమిషాలు ఆలస్యమైతే? 6.30కి దిగి, 6.38కి బస్టాండు చేరి, 6.40 బస్సు ఎక్కుతారు. 10 నిమిషాల ఆలస్యానికీ 55 నిమిషాల ఆలస్యానికీ ఫలితం ఒక్కటే.

రైలు 60 నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుందో మీరే లెక్క వేసి చూడండి. ఆ తరువాత 6.40 బస్సే ఆఖరిది అనుకుని మళ్లీ ఆలోచించండి.

ఆలస్యం నున్నగా, వాలుగా పెరగదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కాబట్టి "ఈ రైలు సగటున ఎంత ఆలస్యం?" అన్నది మీకు పనికివచ్చే ప్రశ్న కాదు. "నాకున్న వెసులుబాటును ఇది ఎన్నిసార్లు దాటుతుంది?" అని అడగాలి. పై ఉదాహరణలో వెసులుబాటు 7 నిమిషాలు. ఆ ఏడు నిమిషాలు దాటకపోతే ఆలస్యమైనా ఫరవాలేదు. దాటితే ఎంత దాటిందన్నది దాదాపు అప్రస్తుతం.

రెండు చోట్ల బండి మారవలసి వస్తే పరిస్థితి ఇంకా బిగుస్తుంది. ఒక్కొక్క చోట 100కు 80 సార్లు బండి అందుతుందనుకుందాం. ఫరవాలేదనిపిస్తుంది. కాని రెండూ అందాలంటే 80 శాతంలో 80 శాతం, అంటే 64. నూటికి 36 ప్రయాణాలు ఎక్కడో ఒకచోట తప్పుతాయి. ఒక ఆలస్యానికీ మరో ఆలస్యానికీ సంబంధం లేదనుకుంటేనే ఈ లెక్క వర్తిస్తుంది. తుపాను రోజున రైలూ బస్సూ కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి ఆ రోజుకు వేరే ఆలోచన కావాలి.

అరగంటకొక బస్సు అంటే ఏమిటి?

గంటకు రెండు బస్సులు సమానమైన ఎడంతో వస్తే, ఏదో ఒక సమయంలో బస్టాండుకు వచ్చిన మనిషి సగటున 15 నిమిషాలు నిరీక్షించాలి. ఇప్పుడు మొదటి బస్సు మిరప టిక్కీల ట్రాక్టర్ల వెనుక చిక్కుకుని ఆలస్యమైంది, రెండోది దాని వెనుకే వచ్చిందనుకుందాం. ఎడాలు 30, 30 కాకుండా 50, 10 అయ్యాయి. గంటలో 50 నిమిషాలు పెద్ద ఎడంలోనివే కనుక మీరు అందులో పడే అవకాశమే ఎక్కువ. అందులో పడితే సగటున 25 నిమిషాలు, చిన్న ఎడంలో పడితే 5 నిమిషాలు ఆగాలి. 50ని 25తో, 10ని 5తో గుణించి, రెండూ కలిపి 60తో భాగించండి. దాదాపు 22 నిమిషాలు వస్తుంది. బస్సుల సంఖ్య తగ్గలేదు, డిపో రికార్డులో ట్రిప్పులన్నీ తిరిగినట్టే ఉంటుంది. అయినా మీ నిరీక్షణ 15 నుంచి 22కు పెరిగింది. "నేను వెళ్లినప్పుడే బస్సు రాదు" అని నలుగురూ అనుకోవడంలో దురదృష్టం ఏమీ లేదు. అది గణితం.

మన ప్రాంతంలో ఈ ఎడాలు చెదరడానికి కారణాలు తెలిసినవే. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద వేసిన రోడ్డు అలలు తేలి బస్సు వేగం తగ్గుతుంది. మిరప కోతల కాలంలో గుంటూరు యార్డుకు వెళ్లే సరుకు రోడ్డెక్కుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున వెసులుబాటు ఎంత పెట్టుకున్నా చాలదు. పరీక్ష ఉంటే ముందు రోజే వెళ్లి కేంద్రం ఉన్న ఊళ్లో బంధువుల ఇంట్లోనో స్నేహితుల దగ్గరో ఉండటం ఒక్కటే దారి.

ప్రయాణాన్ని వెనుక నుంచి కట్టడం

చాలామంది ఇంటి దగ్గర నుంచి లెక్క మొదలుపెడతారు: ఏడింటికి బయలుదేరితే ఎన్నింటికి చేరతాను? దీన్ని తిరగవేయండి. పరీక్ష గదిలో కూర్చోవలసిన సమయం నుంచి వెనక్కి రండి. ఒంగోలులో పరీక్ష అనుకుంటే, స్టేషను నుంచి కేంద్రానికి ఆటో సమయం, దానికి ముందు రైలు, దానికి ముందు చీరాలలో మారే వ్యవధి, చివరికి పర్చూరు బస్సు. వెసులుబాటును అన్ని చోట్లా పది పది నిమిషాలుగా పంచకండి. తప్పితే ఎక్కువ నష్టం జరిగే చోట దాన్ని పోగు చేయండి. వెళ్లేటప్పుడు అది చీరాల స్టేషను, ఎందుకంటే పాసింజరు తప్పితే తరువాతిది గంటల తరువాత. కాబట్టి అవసరమైన బస్సు కంటే ముందు బస్సు ఎక్కి, స్టేషనులో కూర్చోవడమే మేలు. వచ్చేటప్పుడు అది ఆఖరి బస్సు.

బండి మారే అవసరమే లేకుండా చేసుకోగలిగితే అన్నిటికన్నా మంచిది. పర్చూరు నుంచి గుంటూరుకు పెదనందిపాడు మీదుగా నేరుగా బస్సు ఉండగా, చీరాల వెళ్లి, రైలులో తెనాలి చేరి, అక్కడ మళ్లీ మారడం టికెట్టు ధర కోసం చేసే పని. మామూలు తరగతికి అలా చేయవచ్చు. పరీక్ష రోజున ఆ తేడా డబ్బును నిశ్చయత కోసం కట్టే రుసుముగా భావించండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, విద్యార్థినులకు ఈ లెక్కలో బస్సే గెలుస్తుంది. అయితే బస్సు నిండి వస్తే ఆపకపోవచ్చు. అందుకని మధ్య స్టాపులో కాకుండా బస్టాండులోనే ఎక్కడం మంచిది.

రైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి 139 నంబరు, రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్ ఉన్నాయి. వాటిని చదవడంలో ఒక మెలకువ ఉంది. చీరాలకు ఎన్నింటికి వస్తుందన్న అంచనాను కాకుండా, బండి ఆఖరిగా దాటిన స్టేషనును, దాటిన సమయాన్ని చూడండి. ఒంగోలు వెళ్లే పాసింజరు నిడుబ్రోలు దాటి, బాపట్ల చేరకముందే వెనుక తెనాలిని ఒక సూపర్‌ఫాస్టు దాటిందంటే, పాసింజరు లూపులోకి వెళ్లే అవకాశం ఉంది. ఆ ఆలస్యం అంచనాలో ఇంకా ఎక్కి ఉండదు.

టికెట్టు విషయం ఒకటి. 199 కిలోమీటర్ల లోపు దూరానికి రిజర్వేషను లేని టికెట్టు కొంటే, కొన్న మూడు గంటల్లోగా గాని, మీ గమ్యానికి వెళ్లే మొదటి రైలు బయలుదేరే దాకా గాని, ఏది ఆలస్యమైతే దాని ప్రకారం ప్రయాణం మొదలుపెట్టవచ్చు. ఈ నియమం 2016 మార్చి నుంచి ఉంది. మొదటి రైలే నాలుగు గంటలు ఆలస్యమైతే మీ టికెట్టు గడువు తీరిపోయినట్టు కాదు. కాని పాసింజరు టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. తేడా చెల్లించి కొత్త టికెట్టు తీసుకోవాలి.

నిరీక్షణలో చదువుకోమని అందరూ సలహా ఇస్తారు. కొత్త పాఠం ప్లాట్‌ఫారం మీద ఎక్కదు. ప్రతి ప్రకటనకూ తల ఎత్తుతూ ఉంటాం. ఇంతకుముందు చదివిన భాగం చివరి ప్రశ్నలకు మనసులో జవాబులు చెప్పుకోవడం మాత్రం కుదురుతుంది.

భారమంతా ప్రయాణికుడిదేనా?

ఇప్పటిదాకా చెప్పినదంతా మీ జాగ్రత్త. మీ సమయాన్ని మీరే పణంగా పెట్టి, ఇతరుల ఆలస్యాన్ని పూడ్చడం. ఇది న్యాయమా అని మీరు అడగాలి. 2016 జూన్‌లో అజ్మీర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యం కావడంతో ఒక కుటుంబం జమ్మూలో శ్రీనగర్ విమానం అందుకోలేక టాక్సీ కట్టించుకుంది. బండి తరువాత బండి తప్పడమే ఆ వివాదం. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వారికి దక్కిన పరిహారాన్ని సమర్థించింది. ఆలస్యానికి తన చేతిలో లేని కారణం ఉందని రైల్వే రుజువు చేయలేకపోతే బాధ్యత వహించాలని చెప్పింది. పది రూపాయల టికెట్టుకు ఎవరూ వినియోగదారుల కమిషను మెట్లు ఎక్కరు, నిజమే. అయినా ఆలస్యానికి వివరణ ఇవ్వవలసింది రైల్వేయే అన్న సూత్రం పాసింజరుకూ వర్తిస్తుంది.

అంతకన్నా దగ్గరి పని ఒకటుంది. ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతి ప్రయాణానికీ నాలుగు అంకెలు రాయండి: రైలు రావలసిన సమయం, వచ్చిన సమయం, బస్సు బయలుదేరవలసిన సమయం, బయలుదేరిన సమయం. మీ ఊరి నుంచి అదే కేంద్రానికి వెళ్లే ఐదారుగురు కలిసి రాస్తే త్వరలోనే ఇరవై ప్రయాణాలు పోగవుతాయి. రైలు ఆలస్యాలను చిన్న నుంచి పెద్దకు వరుసగా పేర్చండి. పదహారోది మామూలు తరగతి రోజుకు మీ వెసులుబాటు. అంతకు మించినవి ఇరవైలో నాలుగే. పరీక్ష రోజుకు ఇరవయ్యోది, దానిపైన ఇంకొంత.

ఆ కాగితం ఇద్దరికి పనికివస్తుంది. ఒకరు మీ అధ్యయన కేంద్రం సమన్వయకర్త. సాయంత్రం తరగతి పావుగంట ముందు ముగిస్తే ఆఖరి బస్సు ఎంతమందికి అందుతుందో అందులో కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఒంటరిగా షేర్ ఆటో కోసం నిలబడవలసిన విద్యార్థినుల సంఖ్యను విడిగా రాయండి. రెండోవారు ఆర్టీసీ డిపో మేనేజరు. రైలు తరచు 5.45కు వస్తుంటే 5.50 బస్సును 6 గంటలకు జరపమని అడగండి. అదనపు బస్సు అడగడం లేదు కనుక కాదనడానికి కారణాలు తక్కువ. అర్జీలో ఫిర్యాదు భాష అక్కరలేదు. ఇరవై వరుసల పట్టిక, కింద సంతకాలు, ఏ బస్సు, ఎన్ని నిమిషాలు జరపాలి అన్న ఒక్క వాక్యం చాలు. అయితే ఆ పది నిమిషాల మార్పు వల్ల ఉదయమో సాయంత్రమో అదే బస్సుకు అలవాటుపడ్డ మిరప కూలీలకు, బడి పిల్లలకు ఇబ్బంది కలుగుతుందేమో ముందుగా వారిని అడిగి, ఆ సంగతి కూడా అర్జీలోనే రాయండి.