రక్త పరీక్షలో లేదన్నా గోధుమ మీద అనుమానం తీరినట్టు కాదు

అనంతపురం: సంగటి ముద్ద, జొన్న రొట్టె, కొర్రన్నం తిని బతికిన నేల ఇది. గోధుమ వల్ల వచ్చే జబ్బు ఒకటుందంటే ఇక్కడి పల్లెల్లో నమ్మేవారు తక్కువ. ఏళ్ల తరబడి విరేచనాలు, కడుపుబ్బరం, ఎన్ని ఇనుము మాత్రలు మింగినా పట్టని రక్తం, వయసుకు తగ్గట్టు ఎదగని బిడ్డ... ఎందుకని అడిగితే ‘కరువు సీమ, తిండి చాలదు’ అనే జవాబే వస్తుంది. చాలా ఇళ్లలో అది నిజమే. కొన్ని ఇళ్లలో మాత్రం తిన్న తిండిలోనే తంటా ఉంటుంది.

ఆ జబ్బు పేరు సీలియాక్. గోధుమ పిండిని జిగురుగా సాగదీసే మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. బార్లీలోనూ ఇలాంటిదే ఉంది. ఇది పడనివారికి చిన్నపేగు లోపలి నూగులాంటి పొర అరిగిపోయి, తిన్నది ఒంటబట్టదు. మన దగ్గర ఈ జబ్బు అరుదన్న మాట వాస్తవం. 23,331 మందిని పరీక్షించి 2016లో వెల్లడించిన ఒక అధ్యయనంలో, ఈ జబ్బును సూచించే ప్రతికణాలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి, దక్షిణాదిలో 0.10 మందికే కనిపించాయి. అక్కడివారు రోజుకు తినే గోధుమ 455 గ్రాములు, ఇక్కడివారిది 25 గ్రాములు. అయితే జబ్బుకు చోటిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా సుమారు మూడోవంతు జనంలో ఉన్నాయి. పూరీలు, బిస్కెట్లు, బేకరీ రొట్టె ఇప్పుడు పల్లెకూ వచ్చాయి. బొంబాయి రవ్వ, సేమ్యా, పండగనాటి ఓళిగల మైదా కూడా గోధుమ సంతానమేనని చాలామందికి తెలియదు.

చిక్కంతా పరీక్ష దగ్గరే. కడుపు బాగాలేదనగానే ఇంట్లో పెద్దలు గోధుమ రొట్టె మాన్పించి సంగటి, మజ్జిగ పెడతారు. ఒళ్లు కాస్త కుదుటపడుతుంది. అలా నెలలు గడిచాక రక్తమిస్తే ప్రతికణాలు తగ్గిపోయి ‘లేదు’ అని రావచ్చు. గోధుమ తింటున్నప్పుడే ఈ పరీక్షకు విలువ. మానేసినవారు రోజుకు ఒక పూట కంటే ఎక్కువగా, కనీసం ఆరు వారాలు తిన్నాకే పరీక్షించాలని బ్రిటన్ వైద్య సూచనలు చెబుతున్నాయి. ఒంట్లో బాగాలేనివారు, పిల్లలు డాక్టరును అడగకుండా ఈ పని చేయరాదు.

మరో మెలిక ఉంది. మామూలు పరీక్ష ‘ఐజీఏ’ అనే ప్రతికణాన్ని వెతుకుతుంది. సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఆ ఐజీఏ పుట్టుకతోనే ఉండదు. లేనిదాన్ని వెతికితే ఏం దొరుకుతుంది? అందుకే ‘ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంతుందో చూశారా?’ అని డాక్టరును అడగడం మంచిది. అది తక్కువైతే ‘ఐజీజీ’ రకం పరీక్షలున్నాయి.

అప్పటికీ బాధ తగ్గకపోతే జీర్ణకోశ వైద్యులున్న పెద్దాసుపత్రిలో ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి అయిదారు చిన్న ముక్కలు తీసి చూస్తారు. దీనికీ గోధుమ తింటూనే వెళ్లాలి. జన్యు పరీక్షలో ఆ జన్యువులు లేవని తేలితే సీలియాక్‌ను దాదాపు పక్కన పెట్టవచ్చు; ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. ఇంత తిరిగాక పేగు క్షయో, జియార్డియా క్రిమో బయటపడినా నష్టం లేదు, వాటికీ మందులున్నాయి.

గోధుమను పట్టిచ్చింది కూడా ఒక కరువే. 1944-45 చలికాలంలో, యుద్ధంవల్ల హాలెండులో రొట్టె కరువైంది. ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం డాక్టర్ విల్లెం డికె గమనించారు. అంతకు ముందే ఆయనకున్న అనుమానం దాంతో బలపడింది.

జబ్బు ఖాయమైతే గోధుమ జీవితాంతం మానాలి, మందు అదొక్కటే. సంగటి, జొన్న, సజ్జ, కొర్ర, ఉగ్గాని, వేరుశనగ... వేటికీ అడ్డులేదు. కానీ పొడి ఇంగువలో గోధుమ పిండి కలుపుతుంటారు, డబ్బా మీద చదవాలి. పిండి మరలో గోధుమలు ఆడించిన వెంటనే రాగులు పోస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. రోగి ఉన్న ఇంటివారు వేరే మర చూసుకోవడమో, ఇంట్లోనే విసురుకోవడమో చేయాలి.