తెరచాప దించాం, నది మారలేదు

గోదావరి అనగానే రాజమండ్రివాసికి లాంచీ గుర్తుకు వస్తుంది. నిర్మల్ వాసికి సోన్ వంతెన గుర్తుకు వస్తుంది. నది ఒక్కటే. కాని ఒకరు దానిమీద ప్రయాణం చేశారు, మరొకరు దానిని దాటారు. బాసర మీదుగా వచ్చి నిర్మల్ జిల్లా దక్షిణపు పొలిమేర వెంట సాగే గోదావరి వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. ఎండాకాలం వచ్చేసరికి రాతిగుండ్లు, ఇసుకమేటలు బయటపడతాయి. ఇటువంటి నీటిలో తెప్పలూ చిన్న పడవలూ మనుషులను ఆవలి ఒడ్డుకు చేర్చగలిగాయి గాని, నిండా సరుకు వేసుకుని తెరచాప ఎత్తి వందల మైళ్లు పోయే పడవకు తావు లేకపోయింది.

అయినా ఒక తమాషా ఉన్నది. 2016లో పార్లమెంటు చేసిన జాతీయ జలమార్గాల చట్టం, భద్రాచలం నుంచి నాసిక్ దాకా గోదావరిని నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చింది. అంటే, కాగితం మీద నిర్మల్ జిల్లావారు కూడా జలమార్గం ఒడ్డునే కాపురం ఉంటున్నారన్నమాట! ఇంతకీ పడవకు మోటారు ఉంటే చాలునా, ప్రతి నదీ బాట అయిపోతుందా? దిగువన తెరచాప పోయి మోటారు వచ్చిన కథ తెలుసుకుంటే దీనికి సమాధానం దొరుకుతుంది.

గాలి, గెడ, తాడు

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయింది. దాని కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి. పడవలకు దారీ ఇచ్చాయి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా కాకినాడలో ఎక్కిన సరుకు మద్రాసు దాకా నీటిమీదే పోగలిగేది. ధాన్యం, ఉప్పు, బెల్లం, కలప, కొబ్బరికాయలు, అన్నీ పడవల మీదే.

వాలుకు పోయే పడవను ప్రవాహమే తీసుకుపోతుంది. ఎదురెక్కేటప్పుడే అసలు తంటా. గాలి వాటంగా వీస్తే తెరచాప. గాలి పడిపోతే, లోతు తక్కువైన చోట గెడ. అదీ సాగకపోతే తాడు. కళాసీలు గట్టు ఎక్కి, తాడు భుజాన వేసుకుని, నడుము వంచి నడుస్తూ బరువు పడవను ఈడ్చేవారు. గాలికి ఉబ్బిన తెరచాపను దూరం నుంచి చూసి మురిసిపోయేవారికి ఈ భుజాల సంగతి తెలియదు. రేపు ఉదయం ముహూర్తానికి పెళ్లివారు చేరతారా అని అడిగితే పడవవాడు ఆకాశం వైపు చూసేవాడు. అతని గడియారం అక్కడే ఉండేది మరి!

ఆగిపోయిన దారి

ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు మరొక పెద్ద ఆశ ఉండేది. గోదావరిని ఎగువకు పడవదారిగా చేసి, వార్ధా ప్రాంతపు పత్తిని సముద్రానికి తేవాలని. ఆ దారిలో మూడు చోట్ల బండరాళ్లు, ఉరవళ్లు అడ్డం వచ్చాయి: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. అక్కడ ఆనకట్టలు కట్టి, లాకుల గుండా పడవలను ఎక్కించాలని పనులు సాగించారు. ఆ దారి కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్లిపోతుంది. నిర్మల్ వైపు రానే రాదు.

ఆవిరి పడవలు అప్పటికే లోకంలో తిరుగుతున్నాయి. 1825లోనే ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ ఇంగ్లండు నుంచి కలకత్తా చేరింది. కాని ఆవిరి యంత్రానికైనా కింద నీరుండాలి కదా! ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూరుకు చేరింది. పత్తికి దగ్గరి బాట దొరికింది. ఖర్చు చూసి, అడవి జ్వరాలు చూసి, 1871లో ప్రభుత్వం నదిపనులు మానుకున్నది. ఆ దారికి యంత్రం కొరత రాలేదు. నీటి కొరత, డబ్బు కొరత వచ్చాయి.

లాంచీ వచ్చింది

రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన యంత్రం 1897లో పనిచేసి చూపింది. ఆవిరి యంత్రం వలె దీనికి బాయిలరు అక్కరలేదు, బొగ్గు గుట్టలు అక్కరలేదు. చిన్న పడవ అడుగున కూడా ఇమిడిపోతుంది. కాలక్రమాన గోదావరి మీద మోటారు లాంచీలు నిలదొక్కుకున్నాయి. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య, పాపికొండల నడుమ, కొండమొదలు వంటి గిరిజన గ్రామాలకు లాంచీయే బస్సు. చుక్కాని పట్టిన సరంగుకు ఊరిలో గౌరవం పెరిగింది. పట్టణంలో ఆసుపత్రికి పోవలసిన బాలింతకు, పరీక్షకు పోవలసిన కుర్రవాడికి గాలి కోసం ఎదురుచూడవలసిన పని తప్పింది. గట్టున తాడు లాగే భుజాలకు విశ్రాంతి దొరికింది. ఇది చిన్న మేలు కాదు.

సముద్రం మీద మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. తెల్లవారుజామున నేల మీదినుంచి వీచే గాలితో తెప్ప కడలిలోకి పోయేది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక దానితో తిరిగి వచ్చేది. మోటారు బిగిద్దామంటే మన తీరం పొడుగునా రేవులు తక్కువ. కెరటాలు దాటి ఇసుకలోకి ఎక్కే పడవకు అడుగున పంకా ఉంటే, అది ఇసుకకు తగిలి విరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం, ఒడ్డు దగ్గరకు రాగానే పంకాను పైకి ఎత్తుకునే ఏర్పాటు కనిపెట్టింది. ఆ తరువాత ఫైబరు తెప్పలు, వాటికి ఇంజన్లు వచ్చాయి.

లెక్క మారింది

గాలి బాకీ అడగదు. డీజిలు అడుగుతుంది. తెరచాప పడవ ఖాళీ వలతో తిరిగివస్తే పోయింది ఒక పూట కష్టం. మోటారు పడవ ఖాళీగా వస్తే కష్టంతోపాటు చమురు ఖర్చు కూడా మీద పడుతుంది. వేట పంపకంలో ముందు చమురు ఖర్చు తీసి, తరువాతనే వాటాలు వేసుకోవాలి. ఇంజను కొనడానికి చేపల వర్తకుని దగ్గర అప్పు చేసినవాడు చేపను కూడా అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వవలసి వస్తుంది. గాలికి లొంగి ఉండటం తప్పింది గాని, అప్పుకు లొంగి ఉండటం వచ్చింది.

ఇంకొకటి. ఇంజను బలంతో దూరం పోయి ఎక్కువ పట్టేసరికి చేపకు గుడ్లు పెట్టుకునే తీరిక కరువైంది. అందుకే తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు సెలవు ప్రకటిస్తున్నారు. ఇంజను లేని సంప్రదాయపు పడవకు ఈ కట్టడి లేదు. తెరచాపకు హద్దు గాలే పెట్టింది. మోటారుకు చట్టం పెట్టవలసి వచ్చింది.

గాలి మరచిపోదు

అన్నిటికంటె పెద్ద పాఠం పాపికొండల దారిలోనే ఉన్నది. 2018 మే 15న మంటూరు దగ్గర కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ ఈదురుగాలికి మునిగిపోయింది. గాలితో ఇక పని లేదనుకున్న పడవను గాలే ముంచింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద ఉరవడిలో, విహారయాత్ర లాంచీ మునిగింది. డెబ్బై మందికి పైగా ఉన్న ఆ పడవలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. వారిని ఒడ్డుకు చేర్చినది చుట్టుపక్కల గూడేల గిరిజనులు, తమ చిన్న పడవలతో. ఎక్కడ సుడి ఉన్నదో, ఏ రోజు నదిలోకి దిగకూడదో వారికి తాతలనాటి నుంచి తెలుసు.

తెరచాప పడవవాడు బయలుదేరే ముందు ఆకాశం చూసేవాడు, నీటి రంగు చూసేవాడు. అవి అనుకూలంగా లేకపోతే పడవ కదిలేదే కాదు. ఇంజను వచ్చాక పడవ ఎప్పుడైనా కదులుతుంది. ఆగడం మనిషి చేతిలో పడింది. టిక్కెట్లు అమ్ముడుపోయాయని, వంటలు సిద్ధమయ్యాయని బయలుదేరదీసే యజమానికి "ఈ పూట వద్దు" అని చెప్పగల సరంగు కావాలి. ఆ మాటకు విలువ ఇచ్చే యజమాని కావాలి. తొడుక్కునే రక్షణ కోటు ఉక్కపోస్తున్నదని పక్కన పెట్టని ప్రయాణికుడు కూడా కావాలి.

ఇక నిర్మల్ సంగతి. బాసర నుంచి సోన్ మీదుగా మోటారు పడవ ఎప్పటికైనా సాగాలంటే, ఏడాది పొడుగునా ఎన్ని అడుగుల నీరు నిలుస్తుంది, ఆనకట్టల దగ్గర పడవను ఎలా దాటిస్తారు అన్నవి ముందు తేల్చుకోవలసిన విషయాలు. 1871లో కాటన్ దారిని ఆపినవి అవే. ఇంజను ధర ఆ తరువాత అడగవచ్చు.