గుఱ్ఱము యజమానుని నెఱుఁగు విధము

గుఱ్ఱము తన యజమానుని మనస్సు నెఱుఁగునని రౌతులు చెప్పుదురు. ఇందలి నిజమును మేమిచట వివరింపఁ దలఁచితిమి.

జర్మనీదేశమున బెర్లిను నగరమందు విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను గణితోపాధ్యాయుఁ డుండెను. అతఁడు హాన్స్ అను తన గుఱ్ఱమునకు ఏండ్లతరబడి ఓపికతో లెక్కలు నేర్పెను. "మూఁడును రెండును ఎంత?" అని యడిగినచో నది గిట్టతో నేలపై నైదుమాఱులు తట్టి నిలిచెడిది. 1904వ సంవత్సరమున పండితులు పరీక్షించి, ఇందు మోసమేమియు లేదనిరి.

పిమ్మట ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అను నతఁడు మఱింత శ్రద్ధతో శోధించి, 1907లో గ్రంథరూపమున రహస్యమును వెల్లడించెను. ప్రశ్నించువానికే యుత్తరము తెలియనపుడును, అతఁడు కంటఁ బడనపుడును హాన్స్ తప్పుచుండెను. తట్టుట సరియైన సంఖ్యకు రాఁగానే ప్రశ్నించువాని తల, అతనికే తెలియకుండ, రవంత కదలుచుండెను. ఆ కదలికను జూచి గుఱ్ఱము ఆగుచుండెను. ఓస్టెన్ మాత్రము దీని నెన్నఁడును అంగీకరింపలేదు. గుఱ్ఱము యజమానుని చదివెను. యజమానుఁడు గుఱ్ఱమును చదువలేకపోయెను.

2016లో ఇంగ్లాండునందలి ససెక్సు విశ్వవిద్యాలయమువారు 28 గుఱ్ఱములకు మనుష్యుల ముఖముల ఛాయాచిత్రములను జూపిరి. కోపముఖమును గాంచినపుడు వాని గుండె వేగము త్వరగా హెచ్చెను.

కావున విద్యార్థులారా! గుఱ్ఱమును సమీపించునపుడు మన ముఖమును, చేతులును, నడకయు దానితో మాటలాడుచుండునని మఱవకుఁడు. మన కోపము నది వెంటనే గ్రహించును. మన శాంతమును సైతము గ్రహించును. కొరడా పట్టుటకు ముందు మనలను మనము అదుపులో నుంచుకొనుటయే యజమానుని మొదటి పాఠము.