మిరపా, శనగా, ఊరుమ్మడి నీరూ



నిరుడు యార్డులో మిరపకు మంచి ధర పలికిందంటే, ఈ ఏడు ఊరంతా మిరపనారే పోస్తారు. ఎవరి లెక్క వారికి సరిగానే తోస్తుంది. అందరి లెక్కలూ కలిస్తే ఏమవుతుందో మాత్రం బోర్లు ఆగినప్పుడు గాని తెలియదు. దానిని ముందే చూచే మార్గమొకటి వున్నది. అదే కంప్యూటరులో కట్టే నమూనా గ్రామం.

అందులో అయిదుగురు రైతులు, వారి పొలాల అడుగున ఒకే ఊట అనుకొందాం. ఊటలో 40 పాళ్ల నీరున్నది. ఏటా వాన 7 పాళ్లు చేరుస్తుంది. మిరపకు 3 పాళ్లు, శనగకు 1 పాలు కావలెను. ఇవి సులువు కోసం వేసుకొన్న అంకెలే సుమా. అయిదుగురూ మిరప వేస్తే ఏటికి 15 పాళ్లు ఖర్చు, 8 పాళ్లు లోటు. అయిదేళ్లకు ఊట ఖాళీ. ఏటికొకరు వంతున మిరప, తక్కిన నలుగురూ శనగ వేస్తే ఖర్చు 7 పాళ్లే. వచ్చినదానికీ పోయినదానికీ సరి.

"నేనొక్కణ్ణి శనగ జల్లితే నీళ్లు నిలుస్తాయా సారూ? నేను మిగిల్చింది పక్కాయన మిరపకు పోదూ?" అని ఒక రైతు నన్నడిగినాడు. నిజమే, నిలవవు. నలుగురు మిరప వేస్తే ఊట ఏడవ యేట అడుగంటుతుంది. ఒక్కరి త్యాగంతో రెండేళ్లు కూడా నిండుగా కలిసిరావు. కట్టుబాటు అందరిదీ కావలెను.

ఇంతమాత్రం కాగితం మీద చేయవచ్చు గదా అంటారు. కాని మనుషులందరిదీ ఒకే తీరు కాదు. ఒకరు నిరుటి ధర చూస్తారు, ఒకరు పక్కచేను చూస్తారు, ఒకరు బోరులో నీటిమట్టం చూస్తారు. వానా ఒక ఏడు 4 పాళ్లు, ఒక ఏడు 10. వీటన్నిటినీ కలిపి, ఇరవయ్యేళ్ల సేద్యాన్ని వందలసార్లు నడిపి చూపడం కంప్యూటరు పని. ఏ పంట వేయాలో అది చెప్పదు. ఏ కట్టుబాటు కరువేటికి తట్టుకొంటుందో, ఏది ఒక్కరు తప్పితే కూలుతుందో చూపుతుంది.

ఇటువంటి లెక్క మనకు కొత్త కాదు. 2003లో మొదలైన రైతుల భూగర్భజల పథకంలో ప్రకాశంతో సహా ఏడు జిల్లాల రైతులు వాననూ, బోర్ల నీటిమట్టాన్నీ తామే కొలిచి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్టు వేసుకొన్నారు. ఫలానా పంట వేయమని ఎవరూ శాసించలేదు. తరువాత అనంతపురం ప్రాంతపు పల్లెలలో పరిశోధకులు ఇదే లెక్కను ఆటగా ఆడించినారు. ఆడిన పల్లెలలో నీటి పుస్తకాలూ, నియమాలూ ఎక్కువగా వచ్చినట్లు 2018లో ప్రచురించినారు.

కంప్యూటరు లేదని ఆగవద్దు. నారు పోయకముందే రచ్చబండ మీద 40 చింతగింజలు పోసి ఆడి చూడండి. ఆట కాగానే లేచిపోకండి. మీ బోర్ల నీటిమట్టం, ఎవరు ఎన్నెకరాలు వేస్తారో, ఎవరి వంతు ఎప్పుడో అక్కడే పుస్తకంలో వ్రాసుకోండి. గింజలు అయిపోతే మళ్లీ పోసుకోవచ్చు, ఊట అట్లా కాదు.