సంఘ కార్యదర్శి పదవికి అభ్యర్థుల పరీక్ష

సంఘమునకు జీతముపై కార్యదర్శిని నియమించునపుడు ఊరు, చదువు అడిగి, సిఫారసు జాబు చూచి పంపివేయుట పెక్కుచోట్ల వాడుకయై యున్నది. మన దేశమున 1904లో తొలి సహకార చట్టము వెలసిన నాటినుండియు సంఘములను నిలుపునది సభ్యుల నమ్మకమే. రైతుల వాటాధనము, డిపాజిట్లు ఈ కార్యదర్శి లెక్కలలోనే గదా యుండును!

ప్రశ్నలను ముందుగనే వ్రాసికొని అభ్యర్థులందరిని అవియే అడుగవలెను. లేనిచో మాటకారియే గెలుచును. ఒకనాటి రసీదులను, వోచర్లను ముందుంచి, చిట్టా వ్రాసి నగదు నిలువ తేల్చుమనవలెను. అరగంట చాలును.

పిదప నిట్లు అడుగుదము: “అధ్యక్షులవారి బావమరది పాతబాకీ తీర్పకయే క్రొత్త అప్పు కోరినాడు. అధ్యక్షులు ఇమ్మనుచున్నారు. మీరేమి చేయుదురు?” “నిబంధనల ప్రకారము చేయుదును” అనినచో అంతటితో విడువరాదు. ఏ కాగితము వ్రాయుదురు? ఎవరి యెదుట పెట్టుదురు? పాలకవర్గ తీర్మానము లేకయే డబ్బు చెల్లింతురా? తడబడినను దోషము లేదు. అందరిని మెప్పించు జవాబు తక్షణమే చెప్పువానియందే మాకు అనుమానము. ఈ ప్రశ్న అడుగునపుడు అధ్యక్షులవారి మొగమును చూచుటయు మంచిదే.

పూర్వము పనిచేసిన చోట విచారింపక ఉత్తరువు ఈయరాదు. అభ్యర్థికి బంధువైన పాలకవర్గ సభ్యుడు ఆ పూట బయట నుండవలెను. తక్కినవారు ఎవరి మార్కులు వారు వేసికొనిన పిమ్మటనే చర్చ. అధ్యక్షులు కడపట మాటాడవలెను. వారు ముందు పలికినచో తక్కినవారు తలయూపుదురు.