ఓట్లతో వచ్చిన పేరు.. ప్రకటనలో పూచీకత్తు

* రియాల్టీ షో పోటీదారుల వెంట వ్యాపార సంస్థలు
* తప్పుడు ప్రచారమని తేలితే నటించినవారికీ జరిమానా

సిద్దిపేట: గజ్వేల్ మండలం కొల్గూరుకు చెందిన రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ 2023 డిసెంబరులో తెలుగు బిగ్‌బాస్ ఏడో సీజన్ విజేతగా నిలిచారు. దాంతో ఆ పల్లె పేరు రెండు తెలుగు రాష్ట్రాల్లో మార్మోగింది. ప్రేక్షకులు ఓట్లు వేసి సామాన్యులకు కట్టబెట్టే ఇటువంటి గుర్తింపు కోసం వ్యాపార సంస్థలు కాచుకొని ఉంటాయి. నిన్నటిదాకా పోటీలో పాడినవారు, ఆడినవారు కొద్ది రోజులకే నూనె సీసానో, నగల పెట్టెనో చేతబట్టి తెరపై కనిపించడం మామూలైంది. ఆ మాట చెప్పే పోటీదారుకూ, దానిని నమ్మి డబ్బు పెట్టే కుటుంబానికీ ఇందులో లాభనష్టాలున్నాయి.

ఎందుకింత గిరాకీ?

అగ్రశ్రేణి సినీ తారతో ప్రకటన తీయాలంటే పారితోషికమే కోట్లలో ఉంటుంది. జిల్లా కేంద్రంలోని వస్త్ర దుకాణానికో, నగల దుకాణానికో అది అందని పండు. రియాల్టీ షో పోటీదారు అంతకంటే చాలా తక్కువకే లభిస్తారు. పైగా వారాల తరబడి రోజూ నట్టింట కనిపించిన ముఖం కావడంతో, ప్రేక్షకులు ఆ వ్యక్తిని ‘మనవాడు’ అనుకుంటారు. సంస్థలు కొనేది ఆ ఆత్మీయతనే. అయితే మరో సీజన్ రాగానే జనం చూపు కొత్తవారిపైకి మళ్లుతుంది. అందుకే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న తొందర ఇరుపక్షాల్లోనూ ఉంటుంది.

పోటీలోనే ప్రచారం

ఈ బాట అమెరికాలో ఏనాడో పడింది. అక్కడ 2002లో ఆరంభమైన ‘అమెరికన్ ఐడల్’ పాటల పోటీకి ఫోర్డ్, కోకా-కోలా ప్రధాన ప్రాయోజకులు. న్యాయనిర్ణేతల బల్లపై కోకా-కోలా గ్లాసులు ఉండేవి. ఫోర్డ్ కార్లతో చిత్రీకరించిన పాటల వీడియోలలో పోటీదారులే నటించేవారు. ఫలితాలు ప్రకటించే రోజున కార్యక్రమంలో భాగంగానే వాటిని ప్రసారం చేసేవారు. పోటీ ఎక్కడ ముగిసి ప్రకటన ఎక్కడ మొదలైందో ప్రేక్షకులకు తెలిసేది కాదు. 13 సీజన్ల అనంతరం కోకా-కోలా తప్పుకున్నా, ఆ పద్ధతి మాత్రం నిలిచిపోయింది.

అదే కోవలో ‘ఇండియన్ ఐడల్’ 2004లో మన దేశానికి వచ్చింది. హైదరాబాద్ గాయకుడు శ్రీరామచంద్ర 2010లో దాని విజేత అయ్యారు. 2022లో మొదలైన ‘తెలుగు ఇండియన్ ఐడల్’ తొలి సీజన్‌కు ఆయనే వ్యాఖ్యాత.

సంతకానికి ముందు

2018లో బిగ్‌బాస్ రెండో సీజన్ గెలిచిన కౌశల్ మండా వంటివారికి మోడలింగ్ రంగంతో ముందే పరిచయం ఉంది. పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి వచ్చే అందరికీ ఆ అనుభవం ఉండదు. ప్రకటన ఎన్ని నెలలు ప్రసారం చేస్తారు, ఎక్కడెక్కడ వాడుకుంటారు, పోటీ సంస్థలకు నటించకూడదన్న నిబంధన ఉందా, షో నిర్మాణ సంస్థ అనుమతి అవసరమా అన్న విషయాలు ఒప్పంద పత్రంలో స్పష్టంగా ఉండాలి. చదవకుండా సంతకం చేస్తే, పేరు మసకబారిన తరువాత కూడా ముఖం మరొకరి సొత్తుగానే మిగిలిపోవచ్చు.

చట్టం ఏమంటోంది?

‘వాళ్లు చెప్పమన్నది చెప్పాను’ అంటే చట్టం సమ్మతించదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 21వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో తయారీదారుతో పాటు ప్రచారకర్తకూ రూ.10 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మళ్లీ అదే తప్పు చేస్తే రూ.50 లక్షల వరకు ఉంటుంది. ప్రచారం చేయకుండా ఏడాది పాటు, పునరావృతమైతే మూడేళ్ల వరకు నిషేధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ప్రకటనలోని వాదన నిజమో కాదో తగిన జాగ్రత్తతో విచారించుకున్న ప్రచారకర్తకు మాత్రం మినహాయింపు లభిస్తుంది. చెప్పే అభిప్రాయం నిజాయతీతో కూడినదై, తగిన సమాచారం లేదా అనుభవంపై ఆధారపడి ఉండాలని 2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి.

బెట్టింగ్ యాప్‌ల విషయంలో ముప్పు మరింత పెద్దది. వీటికి ప్రచారం చేశారన్న ఆరోపణలపై 2025 మార్చిలో హైదరాబాద్ పరిధిలో పలువురు సినీ, టీవీ, సామాజిక మాధ్యమ ప్రముఖులపై పోలీసులు కేసులు నమోదు చేశారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బుతో ఆడే ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ప్రేక్షకులు చేయవలసినది

బాగా పాడినవారికి వైద్యం తెలియాలని లేదు. ఆటలో నెగ్గినవారు ప్లాటు పత్రాలు పరిశీలించి ఉంటారనీ చెప్పలేం. ముఖాన్ని చూసి కాక వస్తువును, బిల్లును, అనుమతులను చూసి కొనాలి. మోసపోయామనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. తప్పుడు ప్రకటనలపై జిల్లా కలెక్టరుకు సైతం రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే వీలుంది. పరిహారం కోరేవారు రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. బిల్లు మాత్రం భద్రపరచుకోవాలి.